బొమ్మ ఎగిరే చోటు

మా టీవీ పాతది. ఈ మాట నేను అనుకుంటే ఏమీ లేదు, ఇంకొకరు అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ మధ్య ఆ మాట నా మొహం మీద అనని వాడు లేడు. వైఫై పెట్టడానికి వచ్చినవాడు అన్నాడు, టీవీకి గుచ్చే స్టిక్ అమ్మిన దుకాణందారు అన్నాడు, ఒకే కంచంలో తిని పెరిగిన నా తమ్ముడు కూడా అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. ఉంటే ఉండనీ. ఆ టీవీ విషయంలో నేను పడ్డ కోపంలో పిసరంత కూడా తప్పు లేదని మొన్న మొన్నటి దాకా నమ్మాను.

ఆ టీవీ మా అవ్వ కొన్నది. మా ఇళ్ళలో అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఇరవై ఏళ్ళు ఆమె ఇక్కడ సూరత్‌లోనే సాంచల కార్ఖానాలో కండెలు చుట్టింది. సాంచలంటే మరమగ్గాలు. మోకాళ్ళు అరిగి నిలబడలేని రోజు వచ్చాక కత్తెర పట్టుకుంది. బజారు నుంచి మూటలుగా వచ్చే చీరలకు వెనక వేలాడే దారాలు ఇంట్లో కూర్చుని కత్తిరించి ఇచ్చేది. ఆ పని మీద వచ్చిన డబ్బుతో టీవీ తెచ్చింది. గోడకు తగిలించే టీవీ మేముండే గోడాదరాలో మా గల్లీకి అప్పుడు అదే మొదటిది. మిగులు చీర ముక్కతో దానికి ముసుగు కూడా కుట్టింది, ఆకుపచ్చ మీద మామిడి పిందెలు. టీవీ చూడాలంటే ఆ గుడ్డ పైకి మడవాలి, చూడడం అయ్యాక దించాలి. దించకుండా లేచామో, ఆమె నోటికి దొరికామన్నమాటే.

ఆమె పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం పెట్టిన తర్వాతి ఆదివారం పొద్దున బాపు చాయ్‌లో బన్ను ముంచుకుంటూ ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ పెండ్లి నాడు మీ అవ్వ నాతోని ఏందో అన్నదిరా."

"ఏ పెండ్లి?"

"గదే, భేస్తాన్ల అయింది గదా. దూరంకెల్లి ఏందో అన్నది. నేను తలకాయ ఊపిన. ఏమన్నదో నాకు సమజ్ కాలే."

"సమజ్ కాకుంటే ఎందుకు ఊపినవ్ మరి?"

"ఊపిన."

"గంగిరెద్దు లెక్క ఊపినవా?" అని అరిచాను. బాపుకు కుడి చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు. కానీ ఆ అరుపు చెవి కోసం అరిచింది కాదు. వంటింట్లోంచి నా భార్య తొంగి చూసింది. బాపు కప్పులో తేలుతున్న బన్ను ముక్కను వేలితో బయటికి తీశాడు.

నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. భేస్తాన్‌లో ఆ పెళ్ళి మధ్యాహ్నం జరిగింది. ఫంక్షన్ హాల్లో గుండెలు అదిరేలా డీజే పెట్టారు. నేను మధ్యలో నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాను. బాపు నా వెనకే కుర్చీలో ఉన్నాడు. అవ్వ ఆవలి గోడ దగ్గర ఆడవాళ్ళలో ఉంది. నాలుగు గంటలకు ఆమెను నా బండి మీద ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా తల నా వీపుకు ఆనించే కూర్చుంది. నిద్ర ముంచుకొస్తోందనుకున్నాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ గడప దగ్గర కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. డాక్టరు మా ఇద్దరినీ నిలబెట్టి, నిన్నా మొన్నా తలనొప్పి అన్నదా అని అడిగాడు. బాపు నా వైపు చూశాడు. నేనే జవాబు చెప్పాను, లేదండీ, ఎవరికీ చెప్పలేదు అని. ముందు రోజే తెచ్చి ఉంటే వేరేగా ఉండేదేమో అని ఆయన ఇంగ్లీషులో గొణుక్కున్నాడు. మూడో రోజు అవ్వ పోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ఏడాది పొడుగునా వచ్చినవాళ్ళకల్లా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవ్వ మీద కోపం వచ్చేది. ఉప్పు తక్కువైతే చెప్పేది, పక్కింటామె తన బకెట్ వాడుకుంటే చెప్పేది, టీవీ గుడ్డ దించకపోతే గల్లీ చివరి దాకా వినపడేట్టు చెప్పేది. తల పగిలిపోతుంటే మాత్రం ఒక్క ముక్క నోరు తెరిచి అనలేకపోయిందా? బండి నా చేతిలోనే ఉంది, ఆస్పత్రి పావుగంట దూరం. ఫోటో ముందు అగరుబత్తి వెలిగిస్తూ కూడా ఆమెను తిట్టుకున్న రోజులున్నాయి. చచ్చినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ అనేవాళ్ళకు అలాంటి చావు ఇంట్లో జరగలేదని నా లెక్క.

ఇప్పుడు ఈ మనిషి, ఏడాది నోరు మూసుకుని, ఏందో అన్నది, నేను ఊపిన అంటాడు.

"గదే చెప్పిందేమోరా" అన్నాడు బాపు కాసేపయ్యాక. "పోదాం లే అన్నదేమో. నేను సరే అన్నట్టు ఊపితి. నేను లేస్తనని చూసుకుంట కూసున్నదేమో." గొంతులో వణుకు లేదు. చెవుడు వచ్చినవాళ్ళ గొంతు అన్ని మాటలకూ ఒకే ఎత్తులో ఉంటుంది. ఏడాదిగా ఆయన పొద్దునపూట ఆ కుర్చీలో ఏం నములుతూ కూర్చుంటున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తలూపుడు సంగతి సాంచల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కార్ఖానాలో వంద సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే మాట అనేది ఉండదు. పెదాలు పెద్దగా కదిలిస్తూ, గొంతు లేకుండా, ఒక్కో మాటా విడదీసి అంటారు. ఎదుటివాళ్ళు పెదాలు చూసి తెలుసుకుంటారు. అర్థమైనా కాకపోయినా ముందు తల ఊపాలి. ఊపకపోతే అవతలివాడు సాంచ ఆపి నీ దగ్గరికి నడిచి రావాలి, సాంచ ఆగితే సేఠ్ నోరు లేస్తుంది. అందుకని ఊపుతారు. అది మెడతో ఊపేది కూడా కాదు, పది సాంచల అవతలికి కనపడాలి కదా, భుజాలతో సహా ముందుకు వంగి రెండుసార్లు ఊపుతారు. ఏమన్నాడో తర్వాత మెల్లగా కనుక్కోవచ్చు. ముప్పై అయిదేళ్ళు అలా ఊపిన మనిషి మా బాపు. ఆ ముప్పై అయిదేళ్ళలో చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడా ఒక్కటి ఇచ్చిన సేఠ్ లేడు. దూది వ్యర్థం చెవిలో కుక్కుకుని నేశాడు. ఇప్పుడు గల్లీలో వాళ్ళు ఆయన ముందే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వుతుంటే నాకు వాళ్ళ పళ్ళు రాలగొట్టాలనిపిస్తుంది.

ఇంట్లో కూడా అవ్వా బాపూ అలాగే మాట్లాడుకునేవాళ్ళు. ఆమె పొయ్యి దగ్గర, ఆయన గుమ్మంలో, మధ్యలో చప్పుడు లేని మాటలు. బడిలో నా గుజరాతీ స్నేహితులు ఒకసారి ఇంటికొచ్చి, మీ అమ్మానాన్నలు మూగవాళ్ళా అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట నేర్చుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేర్చుకోలేదు. కార్ఖానా గడప తొక్కకుండా కంప్యూటర్ నేర్చుకున్నాను, చీరల మీద వేసే డిజైన్లు గీస్తాను. అవ్వ నాతో అలా పెదాలు కదిపితే, గట్టిగ చెప్పరాదా అని విసుక్కునేవాణ్ణి. మరీ చిరాకైతే ఏదో ఒకటి అని తల ఊపేసి బయటికి పోయేవాణ్ణి.

సరే, వీడియో ఉంది కదా, చూస్తే తేలిపోతుంది అన్నాను. ఫోన్ తెచ్చి బాపు చేతిలో పెట్టాను. చుట్టాల గ్రూపులో పంపిన ముక్క అది, పంపుడులో నలిగి మసకబారింది. అవ్వ మొహం శనగ్గింజంత ఉంది. బాపు కళ్ళద్దాలు తుడిచి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గర పెట్టి చూశాడు.

"నోరే కనవడ్తలేదు. టీవీల పెట్టరాదూ, పెద్దగ?"

అసలు వీడియో నా కంప్యూటర్లో భద్రంగా ఉంది, తీసిన రోజు తీసినట్టే. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చాను. ఈ ఫైలు చెల్లదని రాసి చూపించింది. రకరకాలుగా మార్చి గుచ్చాను. చెల్లదు. అప్పుడు ఫోన్ చేశాను తమ్ముడికి. వాడు ఉధ్నాలో ఉంటాడు.

"అన్నా, ఆ డబ్బా ఫేంక్ దే యార్. స్మార్ట్ టీవీ తీస్కో, అన్నీ దాంట్లనే వస్తయి. ఇంకెన్ని దినాలు గా పాత దాంతోని?"

"గది ఎవరు కొన్నరో ఎరుకేనా నీకు?"

"ఎరుకే అన్నా. అయితే? అవ్వ గిట్ల ఉంటే తనే మార్చేది."

అలా అన్నందుకు రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. వాడు అన్నది నిజమే కావచ్చు, అవ్వ అంత మురిపెంగా పాత వస్తువులు దాచే మనిషి కాదు. అయినా సరే.

సలాబత్‌పురా వైపు ఒక దుకాణంలో స్టిక్ ఒకటి దొరికింది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. టీవీ వెనక గుచ్చితే ఇంట్లో వైఫై పట్టుకుంటుంది. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేస్తే అందులో ఉన్న ఫోటోలూ వీడియోలూ వరసగా టీవీ మీదకి వస్తాయి. టీవీ పురానా హై భాయ్, చలేగా తో చలేగా అన్నాడు దుకాణందారు, మా ఇంటికి వచ్చి చూసినట్టే. పని చేస్తే చేస్తుందని చెప్పి వస్తువు అమ్మేవాణ్ణి నేను చూడడం అదే మొదటిసారి.

కంప్యూటర్ పై గదిలో, టీవీ కింద గదిలో. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రెండింటినీ కలిపాను. ఆకుపచ్చ గుడ్డ పైకి మడిచాను. తెర మీద నా కంప్యూటర్ పేరు వచ్చింది, దాని కింద ఫోల్డర్, దాని కింద పెళ్ళి. బాపు ప్లాస్టిక్ కుర్చీ టీవీకి రెండడుగుల దూరంలో వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పరీక్షకు వచ్చినవాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వీడియో మొదలైంది. డీజే మోత గదంతా నిండింది. పందిరి వచ్చింది, పెళ్ళికూతురు వచ్చింది, కెమెరా గోడ వైపు తిరిగింది. అక్కడ ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలుపెట్టింది.

ఆ గుండ్రాన్ని నేను ఎన్ని బూతులు తిట్టానో ఇక్కడ రాయలేను.

అది ఆగుతూ నడుస్తూ, నడుస్తూ ఆగుతూ ఆ రోజు ముగిసింది. మరుసటి వారం వైఫై డబ్బా మెట్ల మీదకి మార్చాను. కొంచెం నయమైంది. దాని తర్వాతి వారం బొమ్మ అంచులు తెగుతున్నాయని తెలిసింది. పాత టీవీలు బొమ్మను కాస్త సాగదీసి అంచులు కోసేస్తాయట. అవ్వ నిలబడ్డది సరిగ్గా ఎడమ అంచులో, సగం మొహమే పడుతోంది. సెట్టింగుల్లో వెతికి వెతికి అది సరిచేశాను. ఇంకో వారం, వైఫై పనికిరాదని, పై గది నుంచి కింది దాకా వైరే లాగాను. గోడకు మేకులు కొడుతుంటే ఇంటి ఓనరు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. నేను అంతకన్నా గట్టిగా పెట్టుకున్నాను. ప్రతి ఆదివారమూ బాపు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కుర్చీలో కూర్చునేవాడు. పెళ్ళాన్ని చూడడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని నా భార్య నవ్వింది. ఆయనకు వినపడలేదు.

వైరు లాగాక ఆగడం పోయింది. గుండ్రం పోయింది. మొత్తం వీడియో నీళ్ళలా నడిచింది, ఒక్క చోట తప్ప. అవ్వ గోడ దగ్గర నిలబడి ఇటు తిరిగి నోరు తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే బొమ్మ ఎగిరిపడుతుంది. కిందికీ పైకీ, కిందికీ పైకీ. ఆమె మొహం చెదిరిపోతుంది. బొమ్మ కుదురుకునేసరికి ఆమె నోరు మూసి, చేతి సంచి తీసుకుని, గుమ్మం వైపు నడుస్తుంటుంది.

"దొరుకుతలేదురా" అన్నాడు బాపు. "మాట మధ్యలనే ఎగురుతాంది. ముందుగాల నెత్తి అన్నట్టున్నది, ఎనుకది పోతాంది."

నెత్తి. అయితే చెప్పింది. ఈ మనిషికే చెప్పింది. ఈ మనిషి తలకాయ ఊపి, భోజనాల పిలుపు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. బాపు వైపు చూశాను. చెప్పకూడదు కానీ ఆ క్షణం ఆయన మీద అసహ్యం వేసింది. ఆయనకు అది తెలిసిందో ఏమో, నా వైపు తిరగలేదు.

మర్నాడు స్టిక్ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. బొమ్మ ఎగురుతోంది, మార్చి ఇవ్వు అన్నాను. దుకాణందారు దాన్ని తన కొత్త టీవీకి గుచ్చి ఏదో పాట పెట్టి చూపించాడు. ఎక్కడా ఎగరలేదు. దేఖో, మాల్ మే ఖరాబీ నహీ హై, టీవీ బదలో అన్నాడు, లోపం సరుకులో లేదు, మార్చాల్సింది టీవీనే అని. వాడి గల్లాపెట్టె మీద చేత్తో గుద్దాను. పక్క దుకాణాల వాళ్ళు వచ్చారు. మా అమ్మ కొన్న టీవీని పట్టుకుని పాతది అంటావా అని హిందీలో, గుజరాతీలో, చివరికి తెలుగులో అరిచాను. తెలుగు అక్కడ ఎవరికీ రాదు. మీరందరూ ఇంతే, మనిషి పాతబడితే బయటికి, వస్తువు పాతబడితే బయటికి అన్నాను. స్టిక్ మార్చి కొత్తది ఇచ్చి పంపించాడు, పీడ విరగడైందనుకుని ఉంటాడు.

కొత్త స్టిక్ పెట్టినా బొమ్మ అక్కడే ఎగిరింది.

ఆ ఆదివారం నేను టీవీ మీద చెయ్యి చేసుకున్నాను. పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. అవ్వ టీవీని నేనే కొట్టాను. బాపు లేచి నిలబడ్డాడు. నా భార్య చీపురు పక్కన పడేసి వచ్చింది. ఆమెది సిరిసిల్ల వైపు బీడీలు చుట్టిన ఇల్లు, సాంచల మాట ఆమెకు రాదు, కానీ నోరు మాత్రం బాగా నడుస్తుంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గా టీవీని ఎందుకు కొడ్తవు? ఎప్పుడు జూసినా గా ఒక్క కాన్నే ఎగురుతాంది. వైరుది తప్పైతే ఇంకో కాడ గిట్ల ఎగురాలె గదా? జర మెల్లగ నడిపి చూడరాదు."

చెప్పొద్దూ, నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. మూడు నెలలుగా వైర్లతో చస్తున్నది నేను, సలహా ఈమెది. రిమోట్ నొక్కి వేగం పావు వంతుకు తగ్గించాను, నీ మాట ఎంత పనికిరానిదో చూపిస్తానన్నట్టు.

డీజే మోత సాగి సాగి, ఎక్కడో లారీ గేరు మారుస్తున్నట్టు గుర్రుమంది. నేను మ్యూట్ చేశాను. గది నిశ్శబ్దంగా అయిపోయింది. తెర మీద అవ్వ చాలా మెల్లగా ఇటు తిరిగింది. కొంగుతో మెడ తుడుచుకుంది. ఎడమ చెయ్యి ఎత్తి చెవి వెనక పెట్టుకుంది. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళడం నేను అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు. నోరు తెరిచింది, పెదాలు పెద్దగా కదిలిస్తూ, ఒక్కో మాటా విడదీసి, కార్ఖానాలో అన్నట్టే.

బాపు ముందుకు వంగాడు. చిన్నపిల్లలు బడిలో చదివినట్టు, ఆమె పెదాల వెంటే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"నెత్తి... నొస్తాంది..."

బొమ్మ ఎగరలేదు. అంత మెల్లగా నడుస్తుంటే ఎగరడం అనేది లేదు. తెర మొత్తం నిదానంగా కిందికి వంగింది, నిదానంగా పైకి లేచింది.

"జర... బండి తియ్యి..."

మళ్ళీ వంగింది. మళ్ళీ లేచింది.

"కొడు..."

బాపు అక్కడ ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు. బాపుకు బండి నడపడం రాదు, ఏనాడూ రాదు. ఆ హాల్లో మా ఇంటి బండి తాళం ఒక్కరి జేబులోనే ఉంది. అవ్వ కళ్ళు నా వెనక కుర్చీలో ఉన్న బాపు వైపు చూడడం లేదు. పెద్ద తెర మీద, మసక లేకుండా, అంచులు తెగకుండా, అవి సరిగ్గా ఫోన్ పట్టుకున్న మనిషిని చూస్తున్నాయి.

ఫోన్ పట్టుకున్న మనిషి భుజాలతో సహా ముందుకు వంగి రెండుసార్లు తల ఊపాడు. ఆ భుజాలతో పాటు ఊగిన చేతిలోనే ఫోన్ ఉంది. మాట నేర్చుకోనని ఒట్టు పెట్టుకున్నాను కానీ, తలూపుడు నాకు ఎప్పుడో వచ్చేసింది. కొడుకు సరే అన్నాడని తెర మీద అవ్వ మొహం కొంచెం తేటపడింది. సంచి తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత నేను మరో గంటన్నర పెళ్ళి తీశాను. ఆ వీడియోలన్నిటిలోనూ ఏదో ఒక మూల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె ఉంది. అవన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఎన్నోసార్లు చూశాను.

ఆ క్షణం ఎంత వెతికినా నాకు గుర్తుకు రాలేదు. ఇప్పటికీ రాదు. ఏదో అడిగింది, ఊపేశాను, అంతే.

ఎవరికీ చెప్పలేదని డాక్టరుకు చెప్పిన నోరు ఇదే. ఫోటో ముందు ఆమెను తిట్టిన నోరు ఇదే. బాపును గంగిరెద్దన్నదీ ఇదే. ఎవరి మీదనైనా విరుచుకు పడాలని గదంతా చూశాను. టీవీ బాగానే పనిచేస్తోంది. స్టిక్ బాగానే ఉంది. నేను మేకులు కొట్టి లాగిన వైరు ఎక్కడా తెగకుండా ఉంది. తిట్టడానికి అక్కడ ఒక్క వస్తువు కూడా పాడై లేదు.

నా భార్య నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను. రిమోట్ తీసుకుని టీవీ ఆపేయబోయాను. బాపు నా వైపు తిరిగాడు. నాకు భయం వేసింది, ఏడాదిగా తన నెత్తిన మోసినదాన్ని ఇప్పుడు నా మొహాన కొడతాడని. కొట్టినా బాగుండేది. ఆయన గొంతు లేకుండా, పెదాలతోనే ఏదో అన్నాడు. అవ్వ పోయాక ఇంట్లో ఎవరితోనూ అలా మాట్లాడలేదు, మాట్లాడడానికి ఎవరూ లేరు. నాకు అర్థం కాలేదు. మెడ దానంతట అదే కదలబోయింది. రెండు చేతులతో దాన్ని పట్టి ఆపినంత పనైంది.

కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను, ఆయన మొహం నా మొహానికి ఎదురుగా ఉండేట్టు.

"నాకు సమజ్ కాలే బాపూ. మళ్ల చెప్పు."

మళ్ళీ అన్నాడు. తెలియలేదు. ఇంకోసారి చెప్పు అన్నాను. మూడోసారి ఆయన రిమోట్ పట్టుకున్న నా చేతిని వెనక్కి నెట్టి, పెదాలు బాగా సాగదీసి, నిదానంగా, తప్పు చేసిన పిల్లాడికి చెప్పినట్టు అన్నాడు. అప్పుడు తెలిసింది.

బంద్ చెయ్యకు, మళ్ల పెట్టు అంటున్నాడు.